అతుకుల గిన్నె

అతుకు అన్న మాటకు మన ఇళ్ళల్లో ఏమంత గౌరవం లేదు. అతుకుల బొంత అంటాం, అతుకుల సంసారం అంటాం. కాని ఎడ్లబండి చక్రాన్ని ఒక్కసారి దగ్గరగా చూసినవారికి ఈ మాట మీద అభిప్రాయం మారక తప్పదు. నడుమ ఒక దుంగ, దానిలోంచి చుట్టూ ఆకులు, ఆకుల కొసలను కలుపుతూ వంపు తిరిగిన చెక్కలు, అన్నింటినీ ఒడిసిపట్టే ఇనుప పట్టా. ఇన్ని ముక్కలెందుకు, వెడల్పాటి పలక ఒక్కటి తెచ్చి గుండ్రంగా కోస్తే పోలేదా అని అడిగితే ఏ వడ్రంగి అయినా నవ్వుతాడు. కొయ్యకు పొడుగునా ఉన్న బలం అడ్డంగా ఉండదు. ఒంటి పలకతో చేసిన చక్రం పోగు అడ్డం తిరిగినచోట చీలి ఊరుకుంటుంది. అతుకులున్నాయి కనుకనే బండి నడిచింది.

ఇప్పుడు చెప్పబోయేది బండి సంగతి కాదు, ఒక గిన్నె సంగతి. 14 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు ఉండి, పదిమందికి సరిపడా పచ్చికూరల ముక్కలు పట్టే కొయ్య గిన్నె. దొరలు దీన్ని సలాడ్ గిన్నె అంటారు. మనం కచుంబరు వేసుకున్నా, కోసంబరి వేసుకున్నా అది కాదనదు. అసలు మనకిది కొత్తదేమీ కాదు. అమ్మమ్మల నాటి వంటిళ్ళల్లో మరిగె అని కొయ్య పాత్ర ఒకటి ఉండేది. ఒకే మొద్దును బాడిసతో తొలిచి చేసేవారు. స్టీలు వచ్చి మరిగెను అటకెక్కించింది, అటక మీది చెద మిగతా పని పూర్తి చేసింది. ఇన్నాళ్ళకు ఆ మరిగెకు మనుమరాలు ఇంగ్లీషు పేరు పెట్టుకుని భోజనాల బల్ల మీదికి వస్తున్నదన్నమాట.

ఊరి చెట్లు

సికిందరాబాదు నుంచి ఉత్తరంగా నాగపూరు రోడ్డు పట్టుకుంటే మేడ్చల్ వస్తుంది. కరీంనగరం రోడ్డు పట్టుకుంటే శామీర్‌పేట వస్తుంది. రెండూ ఒకనాడు ద్రాక్షతోటలకు పేరుపడిన చోట్లు. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. శామీర్‌పేట పక్కన అంతాయిపల్లిలో 2022 లో కలెక్టరు కచేరీ భవనం తెరిచారు. ఔటర్ రింగు రోడ్డు రెండు ఊళ్ళనూ ఒరుసుకుంటూ పోతున్నది. రోడ్డు వచ్చినచోట ప్లాట్లు వస్తాయి. ప్లాట్లు వచ్చినచోట ముందుగా పోయేది గట్టు మీది చెట్టు. నీడకోసం తాతలు నాటిన మామిడి, వేప, చింత ఒక్క పూటలో నేలకు ఒరుగుతాయి. కొమ్మలు పొయ్యిలోకి, మొదలు ఏ బట్టీలోకో పోతుంది. అరవై ఏళ్ళు పెరిగిన మాను అరపూట మంటకు సరి. దీనికంటె దుబారా మరొకటి ఉంటుందా?

చెట్టు సొంత పెరటిదే అయినా, చాలా జాతులను కొట్టేముందు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి పొందవలసి ఉంటుంది. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవారు తెలియనట్లు ఉంటారు. అనుమతితోనే కొట్టిన చెట్టనుకోండి, లేదా గాలివానకు పడినదనుకోండి. ఆ మొదలు బట్టీకి పోకుండా కోత మిల్లుకు పోయి అంగుళం పలకలుగా మారితే, అందులో డజన్లకొద్దీ గిన్నెలున్నాయి.

అయితే ఏ కొయ్య మంచిది? మామిడి చవక, మెత్తన, చూడడానికి అందంగా ఉంటుంది. కాని దానిలో పురుగుకు ఇష్టమైన పిండి పదార్థం ఎక్కువ. కొట్టిన వెంటనే కోయించి ఆరబెట్టకపోతే నల్లటి బూజు మరకలు పడతాయి. చింత చేవ ఇనుములాంటిది. మాంసం దుకాణాల్లో కత్తి దెబ్బలు తినే మొద్దు చింతమొద్దే అన్న సంగతి గుర్తు చేసుకుంటే చాలు, ఉలి పట్టేవాడి కష్టం అర్థమవుతుంది. వేపకు దాని వాసన ఉంటుంది, కోసిన దోసముక్కల పక్కన అది ఇంపుగా ఉండదు. బండిచక్రాలకు వాడిన నల్లతుమ్మ గట్టిదే, బరువు కూడా. అన్నింటిలోకీ మాట వినేది టేకు. కాలం మారినా కొలత మారడం తక్కువ, చెద పట్టదు. దానిలో ఇసుక అంశ ఉండి ఉలి పదును త్వరగా చెడగొడుతుంది, అదొక్కటే దాని దుర్గుణం. గన్నేరు, ముషిణి వంటి విషపు జాతుల జోలికి మటుకు పోరాదు. తినే పాత్రలో అలంకారం కంటె ఆరోగ్యం ముందు.

టేకు కొనడానికి డబ్బు చాలనివారు పాత ఇళ్ళు పడగొట్టేచోట ద్వారబంధాలు, దూలాలు చూస్తారు. మంచి ఆలోచనే. నలభై ఏళ్ళు ఇంట్లోనే ఆరిన కొయ్య దానికంటె బాగా ఇంకెక్కడ ఆరుతుంది? కాని రెండు మాటలు. మేకులు వెతికి తీయాలి. అయస్కాంతం పలక మీద తిప్పితే దాక్కున్న మేకు దొరికిపోతుంది. రెండోది రంగు. పాత రంగుల్లో సీసం కలిపేవారు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలయింది. అంతకు ముందు తలుపుకు ఏ రంగు వేశారో ఎవరు చెప్పగలరు? సీసం పసిపిల్లల మెదడుకు చేటు. రంగు పూసిన చెక్కను పిల్లలు తినే గిన్నెకు వాడకపోవడమే నా సలహా. దానిని అలమారుకు వాడుకోండి.

కొయ్య ఊపిరి

ఒకే మొద్దు తెచ్చి తొలిస్తే అతుకుల బాధ ఉండదు గదా అనిపించవచ్చును. వెనకటివారు చేశారు. కాని 14 అంగుళాల గిన్నె రావాలంటే ఎంత లావు మాను కావాలో ఆలోచించండి. మాను నట్టనడుమ మెత్తటి గుజ్జు భాగం ఉంటుంది. అది గిన్నెలో పడితే పగులు అక్కడే మొదలవుతుంది. కనుక దానిని విడిచి ఒక పక్క సగంలోంచి తీయాలి, అంటే మాను గిన్నె వెడల్పు కంటె బాగా లావు ఉండాలి. అటువంటి మాను దొరికినా ఆరేదెప్పుడు? నీడలో అంగుళం మందం ఆరడానికి సుమారు ఒక ఏడాది అని పాత లెక్క. 5 అంగుళాల దిమ్మ ఆరేలోపల ఇంట్లో పుట్టిన బిడ్డ బడికి పోతుంది. అంతవరకు మన ఏప్రిల్ ఎండలు దానిని పగలకుండా ఉంచితే అదృష్టమే. అంగుళం పలక అయితే త్వరగా, నిదానంగా, నెర్రెలు లేకుండా ఆరుతుంది. అందుచేత అయిదు పలకలు ఒకదాని మీద ఒకటి అంటించి దిమ్మ చేసి, ఆ దిమ్మలోంచి గిన్నెను తొలవడం.

ఇక్కడే అసలు మెలిక ఉన్నది. కొయ్య చచ్చినా ఊపిరి మానదు. వేసవిలో ఎండి ముడుచుకుంటుంది, శ్రావణమాసపు ముసురులో తేమ పీల్చి ఉబ్బుతుంది. తలుపులు వానాకాలంలో పట్టేయడం అందరికీ తెలిసినదే. ఈ ముడుచుకోవడం, ఉబ్బడం పోగు పొడుగునా దాదాపు సున్న, అంతా అడ్డంగానే. అందులో కూడా పలకను కోసిన తీరును బట్టి ఒకటికి రెండింతలు తేడా. పచ్చి టేకు పూర్తిగా ఎండితే ఒక దిక్కున నూటికి రెండున్నర పాళ్ళు, మరొక దిక్కున అయిదు పాళ్ళు పైచిలుకు కుంచించుకుంటుంది.

మన గిన్నెకు ఇది ఎంత అవుతుందో లెక్క వేద్దాం. మేలో కొయ్యలో తేమ నూటికి 7, ఆగస్టులో 13 అనుకుందాం. అంటే ఆరు పాళ్ళ తేడా. 14 అంగుళాల వెడల్పున అది ఒక దిక్కు కోత పలకకు 2 మిల్లీమీటర్లు, మరొక కోతకు 4 మిల్లీమీటర్లు. పొడుగున ఏమీ ఉండదు. అంటే మేలో చంద్రబింబంలా ఉన్న గిన్నె ఆగస్టులో వెంట్రుకవాసి కోలగా అవుతుంది. అయితే అవనివ్వండి, ఎవరూ కనిపెట్టలేరు. పలకలన్నీ ఒకే దిక్కున పరిచి అంటించి ఉంటే అవన్నీ కలిసే పెరుగుతాయి, కలిసే తగ్గుతాయి.

కాని ఉత్సాహవంతులు ఏం చేస్తారంటే, ప్లైవుడ్‌ను చూసి, ఒక పలక నిలువు, ఒక పలక అడ్డం పేరుస్తారు. బలం వస్తుందని వారి నమ్మకం. ప్లైవుడ్ పొరలు అట్టలాగా పలచనివి. వాటిని జిగురు అదుపులో పెట్టగలదు. అంగుళం పలకను ఏ జిగురు ఆపుతుంది? ఒకటి 4 మిల్లీమీటర్లు పెరుగుతానంటుంది, దాని నెత్తిన ఉన్నది కదలనంటుంది. మొదటి వానాకాలానికే అతుకు విడుతుంది, లేదా పలక చీలుతుంది. ఒక కప్పు కింద ఇద్దరు పంతగాళ్ళను పెట్టినట్లే. పోగులన్నీ ఒకే దిక్కున ఉండాలన్నది ఈ పనిలో మొదటి సూత్రం. మిగిలిన తప్పులు దిద్దుకోవచ్చును, ఇది దిద్దుకోలేము.

పలక ఎంపికకు ఒక చిట్కా. పలక కొసవైపు చూడండి. అక్కడ గీతలు నిలువుగా, దువ్వెన పళ్ళలా కనిపిస్తే అది తక్కువగా కదిలే పలక. గీతలు నవ్వు మొహంలా వంపు తిరిగి ఉంటే ఎక్కువగా కదిలేది. డిపోలో గుట్టలోంచి దువ్వెన గీతల పలకలు ఏరుకుంటే అమ్మేవాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

అతికించడం

14 అంగుళాల వెడల్పు పలక ఎవరి దగ్గరా ఉండదు. అయిదంగుళాలవి మూడు పక్కపక్కన అతికితే 15 వస్తుంది, చిత్రిక పట్టగా 14 మిగులుతుంది. ఇలాంటివి అయిదు వరుసలు. తాపీ మేస్త్రి ఇటుక మీద ఇటుక పెట్టేటప్పుడు సందు మీద సందు రానివ్వడు గదా, ఇక్కడా అంతే. కింది వరుసలో అతుకు ఉన్నచోట పై వరుసలో నిండు పలక రావాలి.

అతుకు నిలిచేది జిగురు వల్ల కాదు, చిత్రిక వల్ల. రెండు అంచులు ఒకదానికొకటి ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు రేక కనపడరాదు. కనపడితే మళ్ళీ చిత్రిక పట్టవలసిందే. సందును జిగురుతో పూడ్చుదాం అనుకునేవాడు గోడ నెర్రెను సున్నంతో కప్పేవాడికి అన్న. టేకులో సహజంగా నూనె ఉంటుంది. అందుచేత చిత్రిక పట్టిన పూటనే అంటించాలి. వారం ఆగితే నూనె పైకి తేలి జిగురును పట్టనివ్వదు.

పూర్వం వడ్రంగులు పశువుల తోలు, ఎముకలు కాచి తీసిన వజ్రం అనే జిగురు వాడేవారు. వేడిచేసి పూయాలి, వాసన భరించాలి, తడి తగిలితే కరిగిపోతుంది. 1959 లో ఫెవికాల్ వచ్చాక ఆ బాధ తీరి, తెల్ల జిగురు ప్రతి వడ్రంగి సంచిలోనూ చేరింది. కడిగే గిన్నె కనుక ఈ తెల్ల జిగుళ్ళలోనే నీటికి తట్టుకునే రకం అడిగి తీసుకోవాలి. పలచగా, రెండు ముఖాలకూ పూయాలి. ఎండాకాలంలో చూస్తుండగానే పొర కట్టేస్తుంది. అయిదు పలకలూ ఒక్కసారే అంటించబోయి, అయిదోదానికి వచ్చేసరికి మొదటిది ఆరిపోయి లబోదిబోమన్నవారున్నారు. మూడు ఒక పూట, రెండు మరొక పూట అయితే నిశ్చింత.

తరువాత క్లాంపులు బిగించాలి. లేనివారు కింద మీద గట్టి చెక్కలు పెట్టి, మోకుతాడు చుట్టి, చీలలు కొట్టి బిగించవచ్చును. అంచు పొడుగునా జిగురు చిన్నచిన్న ముత్యాల్లా బయటికి వస్తే బిగువు సరిగ్గా ఉన్నట్లు. ధారలు కట్టి కారితే పూత ఎక్కువైనట్లు, అసలు రాకపోతే తక్కువైనట్లు. ఒక రోజు అలాగే ఉంచి విప్పాలి.

విప్పగానే లేత్ ఎక్కించాలని చేతులు దురద పెడతాయి. ఆగాలి. జిగురులోని నీరు అతుకు పక్కల కొయ్యను ఉబ్బించి ఉంటుంది. ఆ ఉబ్బు మీద నున్నగా చెక్కితే, వారం తరువాత నీరు ఆరి, అతుకు వెంబడి గోరు తగిలేంత గాడి పడుతుంది. ఎక్కడో నీడలో అయిదారు రోజులు పెట్టి దాని ఊసు మరిచిపోవడం మేలు.

తరిమెన

లేత్‌కు మన భాషలో చక్కని మాట ఉన్నది. తరిమెన. తరిమెన పట్టడమంటే తిరుగుతున్న కొయ్యను ఉలితో గుండ్రంగా చెక్కడం. మంచపు కోళ్ళు, కుంకుమ భరిణెలు, కవ్వాలు, బొంగరాలు అన్నీ దీని బిడ్డలే. ఈజిప్టులో క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతపు పెటోసిరిస్ సమాధి గోడ మీద ఇద్దరు మనుషులు తరిమెన పడుతున్న బొమ్మ ఉన్నది. ఒకడు తాడు లాగుతాడు, ఒకడు ఉలి పడతాడు. మన పాత పద్ధతీ ఇంచుమించు అదే.

తెలుగునాట ఈ విద్యకు పెట్టింది పేరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఊరు. ఆడపిల్లలు ఆడుకునే లక్కపిడతలు అక్కడివే. అంకుడు కర్రను తిప్పుతూ, లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే లక్క కరిగి పూత పడుతుంది. చెట్ల గింజలు, బెరడు, వేళ్ళ నుంచి తీసిన రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చినందుకు సి.వి. రాజు గారికి 2023 లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. అయితే అంకుడు సన్నని చెట్టు. దానిలోంచి పిడత వస్తుంది గాని 14 అంగుళాల గిన్నె రాదు. అంకుడువారి చేతి నేర్పు, బండి వడ్రంగివారి అతుకు విద్య కలిస్తే గాని మన గిన్నె పుట్టదు.

దిమ్మను ముందు రంపంతో గుండ్రంగా కోసి, గిన్నెకు నోరు కాబోయే వైపున ఇనుప పళ్ళెం మరలతో బిగిస్తారు. ఆ మరల గుంటలు ఎలాగూ తొలిచే భాగంలో పోతాయి. అలా బిగించి బయటి వంపు, అడుగున పీట చెక్కుతారు. తరువాత తిరగేసి, పీటను పట్టుకునే ఏర్పాటు చేసి, లోపల తొలుస్తారు. బయట చెక్కేటప్పుడు ఉలి పీట నుంచి నోటివైపుకు, లోపల నోటి నుంచి అడుగువైపుకు పోవాలి. అలా పోతే పోగుకు వెనక మరొక పోగు ఆసరా ఉండి తెగుతుంది, ఎదురు పోతే లేచి చిరుగుతుంది. పిల్లి వీపు నిమిరేవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కర లేదు.

వేగం మాట తప్పక చెప్పాలి. 14 అంగుళాల గిన్నె నిమిషానికి 1500 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు నూరు కిలోమీటర్ల వేగంతో పోతున్నట్లు. ఔటర్ రింగు రోడ్డు మీద కారు పోయే వేగం! ఒక అతుకు లోపల జిగురు పట్టకుండా ఉంటే, ఆ వేగంలో కిలోల బరువున్న చెక్క ఊడి మొహానికి తగిలితే ఏమవుతుందో ఊహించుకోండి. పెద్ద గిన్నెకు 300, 400 చుట్లతో మొదలు పెట్టి, సమంగా తిరగడం వచ్చాక 500 దాకా పోవడం బుద్ధిమంతుల పద్ధతి. మీట వేసే ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. మొదటి నిమిషం దిమ్మకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. మొహం మొత్తం కప్పే డాలు పెట్టుకోవాలి, ఉత్త కళ్ళద్దాలు చాలవు. వేలాడే చొక్కా చేతులు, మెడలో గొలుసు, చీర కొంగు, చేతికి తొడుగు ఏవీ తిరిగే యంత్రం దగ్గర పనికిరావు. టేకు దుమ్ము కొందరికి దురద, తుమ్ములు తెస్తుంది కనుక ముక్కుకు మాస్కు. వేలకొద్దీ మంచపు కోళ్ళు చెక్కిన చేతికైనా అతుకుల దిమ్మ కొత్తదే. కోడు సన్నని దుంగ, ఒంటి కొయ్య. ఇది అలా కాదు.

టేకు దిమ్మ చదరంగా ఉన్నప్పుడు సుమారు పది కిలోలు. గోడ అరంగుళం మందానికి వచ్చి గిన్నె దిగేసరికి మిగిలేది కిలోంపావు. తక్కినదంతా నేలమీద పొట్టు. ఇంత నష్టమా అని గుండె గుభేలుమంటుంది. కాని ఆ పొట్టులోంచి పైకి వచ్చే దృశ్యం ఒకటున్నది. పలకలు బల్లపరుపుగా ఉన్నాయి, గిన్నె వంపుగా ఉన్నది. వంపు పలకలను కోసుకుంటూ పోయినచోట అతుకులు వలయాలుగా తేలుతాయి. వేసవిలో శామీర్‌పేట చెరువు తగ్గేకొద్దీ ఒడ్డున నీటి మట్టాలు గీతలు గీతలుగా మిగులుతాయి చూడండి, సరిగ్గా అలా. నడుమ ఒక నల్లటి జిట్రేగి పలక సన్ననిది ఇరికిస్తే ఇంకా సొగసు. రెండు జాతులు కనుక ఆ పలక పలచన ఉంటేనే మంచిది.

కడగవచ్చునా?

ఉప్పుకాగితం గరుకు నుంచి నునుపుకు వరుసగా పట్టి, నడుమ ఒకసారి తడిబట్టతో తుడవాలి. నిక్కిన నూగు ఆరాక మళ్ళీ పట్టాలి. ఆ తరువాత పూత. ఇక్కడ మన ఇళ్ళల్లో పొరపాట్లు జరుగుతాయి. వేరుశనగ నూనె రాస్తే నాలుగు నెలల్లో మక్కువాసన. రంగుల షాపులో అమ్మే కాచిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, అది తినే పాత్రకు తగదు. ఏమీ కలపని పచ్చి అవిసె నూనె, పైన తేనెమైనం ఉత్తమం. పలచగా రాసి, ఆరనిచ్చి, మళ్ళీ రాయాలి. పది పదిహేను రోజుల పని. లక్క పూత తినడానికి నిరపాయమే గాని వేడికి తెల్లబారుతుంది.

ఒక హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి కొయ్యపొట్టులో పారేస్తే తనంతట తానే వేడెక్కి మండగలదు. అగ్గిపుల్ల అక్కరలేదు. గుడ్డను తీగ మీద విడదీసి ఆరవేయాలి, లేదా నీళ్ళలో ముంచి పారెయ్యాలి. ఎన్నో వడ్రంగి కొట్టాలు ఇలా అంటుకున్నవే.

అమెరికాలో 1930 దశకంలో జార్జ్ రెక్టర్ అనే హోటలు ఆసామి, కొయ్య సలాడ్ గిన్నెను జన్మలో కడగరాదు, తుడిచి పెట్టాలి, అప్పుడే రుచి ఊరుతుందని రాసి ఒక తరం గృహిణులను నమ్మించాడు. ఊరింది రుచి కాదు, ముక్కిన నూనె. మడి ఆచారం తెలిసిన మన అత్తగార్లు ఈ సలహాకు ఏమనేవారో! హాయిగా కడగండి. కొంచెం సబ్బు, గోరువెచ్చని నీరు, వెంటనే తుడుపు. తొట్టిలో నానబెట్టడం, ఎండలో బోర్లించడం, గిన్నెలు తోమే యంత్రంలో పెట్టడం మటుకు వద్దు. కొయ్యలో క్రిములు చేరవా అని కొందరికి అనుమానం. డీన్ క్లైవర్ అనే శాస్త్రజ్ఞుడు 1990 ప్రాంతాల్లో కూరలు తరిగే పీటల మీద దీనినే పరీక్షించాడు. క్రిములు కొయ్యలోకి ఇంకిపోయి పైకి రాకుండా అక్కడే చచ్చాయి. కత్తిగాట్లు పడిన ప్లాస్టిక్ పీటను శుభ్రం చేయడమే కష్టమయింది.

కొయ్య గిన్నెను చిత్రకళ స్థాయికి తెచ్చినవారు కూడా ఆ దేశంలోనే ఉన్నారు. జేమ్స్ ప్రెస్టినీ చెక్కిన కాగితంలాంటి గిన్నెలు న్యూయార్కు ఆధునిక కళామందిరంలో ఉన్నాయి. బాబ్ స్టాక్స్‌డేల్ రెండో ప్రపంచయుద్ధంలో ఆయుధం పట్టనని నిరాకరించి శిబిరంలో ఉండగా మొదటి గిన్నె చెక్కాడు.

ఆదా పద్ధతి

పది కిలోలు ఎక్కించి కిలోంపావు దించడం మనసొప్పనివారికి మరొక ఉపాయం. 12 అంగుళాల చదరం, అంగుళం మందం పలక ఒక్కటి చాలు. దానిని నడిమికి రెండు సగాలుగా కోసి, రంపాన్ని 45 డిగ్రీలు వాల్చి, ఒక్కొక్క సగంలోంచి అంగుళం వెడల్పు అర్ధచక్రాలు లోపలికి లోపలికి కోసుకుంటూ పోవాలి. సగాలను మళ్ళీ కలిపి అంటిస్తే 12, 10, 8 అంగుళాల కట్లు మూడు, 6 అంగుళాల అడుగు ఒకటి వస్తాయి. వాలు కోత మూలంగా ఒక కట్టు కింది అంచు, దాని కింది కట్టు పై అంచు ఒకే కొలతకు వస్తాయి. పేర్చి అంటిస్తే పలకలోంచి 4 అంగుళాల ఎత్తు గిన్నె లేచి నిలబడుతుంది. లేత్ మీద మెట్లు నునుపు చేయడమే తరువాయి. పల్లెటూళ్ళలో మడత తీస్తే బుట్ట అయ్యే తాటాకు ఆటబొమ్మలు చూసినవారికి ఇది వింత కాదు. గోడలు వాలుగానే ఉండాలన్నది దీనిలోని ఇబ్బంది. బొర్ర గిన్నె కావాలంటే పది కిలోల దారి పట్టవలసిందే.

ఇక మెట్లకు ఇనుము, గాజు, మంచాలకు పెట్టెలాంటి చట్రాలు వచ్చిన ఈ రోజుల్లో, కోళ్ళు చెక్కే పనివాడికి పని తగ్గింది. అతడి చేత గిన్నె చేయించుకునేవారు చెక్క బరువు లెక్కన బేరమాడరాదు. అతికించడానికి ఒక పూట, చెక్కడానికి చేయి తిరిగినవాడికైనా మూడు నాలుగు గంటలు, నునుపుకు మరొక పూట. ఆ గంటలకు తగిన కూలి ఇస్తే, రెండో గిన్నె మొదటిదానికంటె బాగా చేస్తాడు. తీసుకునేముందు గిన్నెను వెలుతురులో తిప్పి చూడండి. వేలితో తట్టండి. అంతటా ఒకే రకంగా ఖంగున మోగాలి. ఒక్కచోట బొదబొదమంటే అక్కడ అతుకు పట్టలేదన్నమాట, మొహమాటం లేకుండా తిరిగి ఇచ్చెయ్యండి.

గిన్నెలో స్టీలు గరిటె తిప్పితే గీతలు పడతాయి. నెల్లూరు వైపు ఉదయగిరిలో కొండ అడవి కర్రతో కొయ్య చెంచాలు, గరిటెలు చేసే కుటుంబాలున్నాయి, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి నుంచి జత తెప్పించుకోవచ్చును. లేదా చదరపు పలకను గుండ్రంగా కోసినప్పుడు నాలుగు మూలల ముక్కలు మిగిలాయి గదా, వాటిని పారెయ్యవద్దని పనివాడితో ముందే చెప్పి ఉంచితే, అందులోంచే రెండు తెడ్లు చెక్కి ఇస్తాడు.